నిమ్మకాయలు తొక్కిన టిప్పరు, చారలు పూసిన ట్యాంకు

మీ బండి బ్రేకులు చివరిసారి ఎప్పుడు విప్పించి చూశారు? గుర్తు రావడం లేదు కదా. అదే బండికి నిమ్మకాయలు ఎప్పుడు తొక్కించారని అడిగితే తిథి, వారంతో సహా చెబుతారు.

కిందటి వేసవిలో ఈ ప్రశ్నే మా బావమరిదిని అడిగాను. మేముండేది నరసరావుపేటలో. అతనిది మా పక్క వీధి. ఎడ్లపాడు వైపు ఒక కొండ క్వారీ నుంచి కంకర తోలతాడు. టిప్పరు అతనిదే, డ్రైవరూ అతనే.

"శివరాత్రికి ముందు కోటప్పకొండ తీసకపోయి పూజ చేయించా గదా బావా," అన్నాడు.

"నేనడిగింది బ్రేకులు."

"నేనూ దాని గురించే చెబుతున్నా."

ఆ టిప్పరును మీరు చూసి ఉండాల్సింది. ముందు బంపరుకు నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చిన దండ. వెనక పాత చెప్పు. రెండు పక్కలా నల్లతాళ్ళు. అద్దం మీద ఒక రాక్షసుడి బొమ్మ నాలుక చాపి ఉంటుంది. ఎదురుగా వచ్చేవాళ్ళ చూపు పడకుండా ఇన్ని ఏర్పాట్లు ఉన్న ఆ బండికి, బ్రేకు మాత్రం మొదటి తొక్కుకు పట్టడం లేదు. ఈ సంగతి నేను కనిపెట్టింది కాదు. అన్నం తింటూ అతనే చెప్పాడు, పప్పులో ఉప్పు తగ్గిందన్నంత తేలిగ్గా.

"రెండోసారి తొక్కితే పట్టుద్దిలే. లైనర్లు అరిగాయి. చూపిస్తా, ఈ పని అయిపోనీ."

ఆ పని మూడు నెలలుగా అయిపోతూనే ఉంది. క్వారీ నుంచి లోడుతో దిగే దారి చానా వాలుగా ఉంటుందని కూడా అతనే చెప్పాడు. వాలు అడుగున మలుపు, మలుపులో టీకొట్టు. పనికొచ్చిన ఆడవాళ్ళు ఆటో కోసం అక్కడే, కొండకు వీపు పెట్టి కూర్చుంటారు. బ్రేకు రెండో తొక్కుకు కూడా పట్టని రోజున ఏమవుతుందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు.

నాకు తెలిసిన పని నేను చేశాను. ఉపన్యాసం ఇచ్చాను. ముప్పై ఏళ్ళుగా సభల్లో, రచ్చబండల దగ్గర, స్కూలు వార్షికోత్సవాల్లో అవతలివాణ్ణి మూడు ప్రశ్నల్లో మూల కూర్చోబెట్టిన అనుభవం నాది. నిమ్మకాయలో పులుపు తప్ప మరో శక్తి లేదని నిరూపించాను. రాపిడి అంటే ఏమిటో పళ్ళెం మీద గ్లాసు జరిపి చూపించాను. అతను చివరిదాకా శ్రద్ధగా విని చేయి కడుక్కున్నాడు.

"నువ్వు చెప్పేది నిజమే బావా. అయినా పెట్టుకుంటే పోయేదేముంది?"

పోయేదేముంది. నా వాదనలన్నీ ఈ ఒక్క మాట దగ్గరే చచ్చాయి. కాదన్నవాడితో పోరాడవచ్చు. ఔనని తలూపి తన పని తాను చేసుకుపోయేవాడితో ఎవరు పోరాడగలరు?

ఇంతలో ఆదివారాల యుద్ధం మొదలైంది. అతని ఫోన్లో ఒక సైనిక ఆట ఉంది. అందులో ఒకే ట్యాంకును ముగ్గురు కలిసి నడపాలి. ఒకరు డ్రైవరు, ఒకరు ఫిరంగి పేల్చేవారు, ఒకరు పైన మూత తీసుకుని చుట్టూ చూస్తూ ఆజ్ఞలిచ్చే కమాండరు. మందుల పెట్టెలు మోసే మూడు లారీలను కొండదారి దాటించి, అవతల ఉన్న శిబిరానికి చేర్చాలి. క్వారీ స్నేహితులతో ఆడి ఆడి విసిగిపోయాడట. అతనితో కలిపి ముగ్గురూ డ్రైవర్లే, ముగ్గురికీ స్టీరింగే కావాలి. అందుకని అక్కనూ బావనూ పట్టుకున్నాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, మా హాల్లో కూలరు ముందు, మూడు ఫోన్లతో ముగ్గురం చేరేవాళ్ళం.

సీట్లు పంచుకోవడంతోనే పరువు పోయింది. మా ఆవిడ హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. దూరం, కోణం కంటితో కట్టేస్తుంది. ఫిరంగి ఆమెకు దక్కింది, బాగుంది. డ్రైవరు సీటు అతనిది, అదీ న్యాయమే. మిగిలిన కమాండరు పదవికి నేను ఏ విధంగానూ తగను. మ్యాపులో ఉత్తరం ఎటో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ సీటు మా ఆవిడకే ఇచ్చి, ఫిరంగి నాకిమ్మన్నాను.

బావమరిది ఒప్పుకోలేదు. "ఇంటల్లుడివి. నిన్ను కింద కూర్చోబెట్టి మా అక్క పైన కూర్చుంటే మా అమ్మ ఊరుకుద్దా?"

"మీ అమ్మకు ట్యాంకు కనపడుద్దంట్రా?" అంది మా ఆవిడ.

"చెబితే తెలుసుద్ది గదా."

పుట్టుకను బట్టి, వరసను బట్టి పీటలు వేయడం ఎంత అన్యాయమో వేదికల మీద గొంతు చించుకున్న మనిషిని నేను. ఆ రోజు మాత్రం పెద్దగా అభ్యంతరం చెప్పలేదు. పైసీటు నుంచి దృశ్యం బాగుంది. ఫలితంగా నాలుగు ఆదివారాలు మూడు లారీలూ వాగులో పడ్డాయి. కుడి అనాల్సిన చోట ఎడమ అన్నాను. ఒకసారి మా లారీనే చూపించి కాల్చమన్నాను. గురి తప్పని మనిషి కనక మా ఆవిడ దాన్ని ఒక్క దెబ్బకు లేపేసింది.

"కమాండరు చెప్పాడు గదాని కాల్చా," అంది, చూపు ఫోన్లోంచి తీయకుండా. "ఈసారి చెప్పే ముందు ఒకసారి ఆలోచించండి, మీరే అందరికీ చెబుతుంటారుగా."

ఇక ట్యాంకు. ఆ ఆటలో బండికి మనకు నచ్చిన రంగు వేసుకోవచ్చు. అడవిలో కనపడకుండా ఆకుపచ్చ మచ్చలు వేసి ఇస్తారు. మా బావమరిది దాని మూతి మీద మూడు తెల్ల చారలు, నడిమధ్య ఎర్ర బొట్టు పెట్టాడు. చెట్ల మధ్య దాక్కున్న ట్యాంకు ఆమడ దూరానికి కనపడుతోంది. శత్రువు కంప్యూటరు కాబట్టి దానికి భక్తీ లేదు, భయమూ లేదు. అందరికీ పేల్చినట్టే మాకూ పేల్చింది.

అయిదో ఆదివారం ఇంకో చిక్కు వచ్చింది. నాలుగుంపావుకు ఆట తెరిచాం. అతను మాత్రం మొదలుపెట్టే బొత్తాము నొక్కడు.

"నాలుగున్నరకు రాహుకాలం వచ్చుద్ది బావా. పావుగంటలో అవదు. ఆరయ్యాక మొదలుపెడదాం."

"ఆట నడిపే కంప్యూటరు సింగపూర్లో ఉందని నువ్వే అన్నావు. అక్కడి రాహుకాలం చూడాలా, నరసరావుపేటదా?"

అతను నిజంగానే ఆలోచించాడు. నాకు నవ్వొచ్చింది, అతనికి రాలేదు.

"మనదే. ఆడేది మనం గదా."

"నాకు ఆరింటికి పేపర్లు దిద్దుకునే పనుంది," అని మా ఆవిడ తమ్ముడి ఫోను లాక్కుని బొత్తాము నొక్కేసింది. యుద్ధం రాహుకాలంలోకే పోయింది.

చెప్పడానికి కొంచెం బాధగానే ఉంది గానీ, ఆ రోజు మేము చాలా బాగా ఆడాం. వాగు దాటాం. వంతెన దాటాం. మూడు లారీలూ వెనకే వస్తున్నాయి. చివరి కొండ ఎక్కి, ఇక దిగితే శిబిరం. సరిగ్గా అక్కడ ఎక్కడినుంచో ఒక గుండు వచ్చి తగిలింది. తెర మీద ట్యాంకు బొమ్మలో, చక్రాల చుట్టూ తిరిగే ఎడమ చైను ఎర్రబడింది.

"ఆపుతున్నా," అన్నాడు బావమరిది.

"ఆపొద్దు," అన్నాను. శిబిరం కనపడుతోంది. నాలుగు ఆదివారాల అవమానం కళ్ళ ముందు ఉంది. "దిగడమేగా. అదే జారిపోతుంది. పోనివ్వు."

అతను ఫోను మీంచి తల ఎత్తాడు. నా వైపు అతను అలా చూడటం మా పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

"ఏంది బావా నువ్వు మాట్లాడేది? చైను దెబ్బతిన్న బండిని వాలులో దింపుతారా ఎవరన్నా? మలుపు కాడ తిరగదు. తిరగకపోతే నేరుగా లోయలోకే. మనం పోతే పోయాం, వెనకున్న లారీలు మన మీదకి వచ్చి పడతయ్. దిగి బాగు చేయాల్సిందే. అక్కా, నువ్వు ఆ చెట్ల వైపు చూస్తా ఉండు."

ట్యాంకు ఆగింది. అతని బొమ్మ తలుపు తీసుకుని కిందికి దూకింది, చైను పక్కన మోకాళ్ళ మీద కూర్చుని బిగించసాగింది. చుట్టూ గుళ్ళు పడుతున్నాయి. బాగు చేయడానికి ఆ ఆటలో నిమిషం పైన పడుతుంది. ఆ నిమిషమంతా అతను బొత్తాము మీంచి వేలు తీయలేదు. చెమట గడ్డం మీదుగా కారుతున్నా తుడుచుకోలేదు.

మూడు లారీలూ శిబిరం చేరాయి. తెర మీద జెండాలు ఎగిరాయి. బావమరిది ఫోను పక్కన పెట్టి గడ్డం తుడుచుకున్నాడు. నేను అడగబోయే ప్రశ్న నాలుక చివర ఉంది. నా కంటే ముందు మా ఆవిడ అడిగింది.

"ఈ బుద్ధి రేపు పొద్దున క్వారీ కాడ ఏమైద్దిరా?"

అతను కూలరు వైపు చూశాడు. "అది ఆట గదా అక్కా. చస్తే మళ్ళీ మొదట్నించి ఆడాలి. గంట పోద్ది."

"అక్కడ చస్తే గంట కూడా పోదు, అంతేనా?"

అతను లేచి కూలరులో నీళ్ళున్నాయో లేదో చూశాడు. జవాబంటూ ఉంటే నాకూ చెప్పేవాడు, ముప్పై ఏళ్ళుగా వెతుకుతున్నాను. బొమ్మ ట్యాంకులో బొమ్మ మనిషి చచ్చిపోతాడని చైను బిగించిన చెయ్యే, నిజం టిప్పరులో నిజం లైనర్లను నిమ్మకాయకు అప్పగించింది. తెలివి లేక కాదు, అది ఇప్పుడే చూశాను. ఆటలో కాపాడేవాళ్ళెవరూ లేరని అతనికి తెలుసు, అందుకే జాగ్రత్త పడ్డాడు. బయట ఎవరో ఉన్నారని నమ్మకం, అందుకే పడలేదు. ఈ సంగతిని ఒక ఉపన్యాసంగా మార్చడానికి నేను గొంతు సవరించుకున్నాను.

"మీరు కాసేపు ఊరుకోండి," అంది మా ఆవిడ.

మర్నాడు పొద్దున్నే స్కూలుకు సెలవు చీటీ రాసి పెట్టి, చీర కుచ్చెళ్ళు దోపుకుని, పక్క వీధికి వెళ్ళి టిప్పరెక్కింది. క్లీనరు కూర్చునే సీట్లో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వెనకే వెళ్ళిన నేను కింద నిలబడ్డాను. కమాండరును కింద నిలబెట్టడం అదే మొదలు.

బావమరిది తాళంచెవి పట్టుకుని వచ్చి చూశాడు. "ఏంది అక్కా ఇది?"

"పద. క్వారీకి పోయి లోడెత్తు. దిగేటప్పుడు నేనూ నీ పక్కనే ఉంటా. పూజ చేయించావు, చెప్పు కట్టావు. ఇంకేం భయం?"

"పరాచికాలు ఆడబాక, దిగు."

"ఎందుకు దిగాలి? రెండో తొక్కుకు పట్టుద్దన్నావుగా. నేను లెక్క పెడతా. ఒకటి, రెండు. రెండు దాకా నాకు బాగానే వచ్చు."

అతను బంపరుకున్న దండ వైపు చూశాడు. తర్వాత అక్క వైపు చూశాడు. అంత నమ్మకమున్న మనిషి బండి స్టార్టు చేయడానికి చాలా సేపు పట్టింది. చేశాక క్వారీ వైపు తిప్పలేదు. మెల్లగా, సైకిలు తొక్కినంత మెల్లగా, పల్నాడు రోడ్డులో ఉన్న మెకానిక్కు షెడ్డుకు పోనిచ్చాడు. వెనకే నేను నా స్కూటరు మీద పోయాను.

మెకానిక్కు ముందు టెంకాయ కొట్టాడు. కర్పూరం వెలిగించాడు. ఆ తర్వాతే చక్రం విప్పాడు. నేను నోరు మూసుకుని చూశాను, ఆ పూట మూసుకోవడం నేర్చుకుంటున్నాను. లైనరు అరిగి రివెట్లు బయటికి వచ్చాయి. డ్రమ్ము లోపల గీతలు పడ్డాయి. మెకానిక్కు దాన్ని గోరుతో గీకి, "ఇంకెన్ని ట్రిప్పులు దిగుదామనుకున్నావన్నా?" అని అడిగాడు. బావమరిది ఆ లైనరు ముక్క చేతిలోకి తీసుకుని చానాసేపు అటూ ఇటూ తిప్పాడు. టీకొట్టు కాడ కొండకు వీపు పెట్టి కూర్చునే ఆడవాళ్ళలో ఒకామె తనను తమ్ముడూ అని పిలుస్తుందని, ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

సాయంత్రానికి కొత్త లైనర్లు పడ్డాయి. నిమ్మకాయల దండ కూడా కొత్తది పడింది. నేను దాన్ని చూశానని అతను చూశాడు.

"ఇప్పుడు రెండూ ఉన్నాయి గదా బావా. పోయేదేముంది?"

ఈసారి వాదించలేదు. బ్రేకు ఉంది, నాకు అది చాలు. ముప్పై ఏళ్ళ నా వాగ్ధాటి చేయలేని పని, మా ఆవిడ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని చేసింది. ఓడినవాడికి ఉండే కాస్త గౌరవంతో ఇంటికి పోదామని నా స్కూటరు తీశాను. సందు చివర గేదె అడ్డం వచ్చింది. బ్రేకు పట్టాను. స్కూటరు ఆగలేదు. గేదే పక్కకు తప్పుకుంది.

షెడ్డు ముందు నిలబడిన అక్కాతమ్ముళ్ళిద్దరూ చూశారు.

"బావా, నీ బండికి బ్రేకు ఎప్పుడు చూపించావు?" అని అరిచాడు బావమరిది.

నా బండికి దండ లేదు, చెప్పు లేదు, నల్లతాడు లేదు. అందుకని అది హేతుబద్ధంగా ఉందనుకున్నాను. తీరా చూస్తే నాది నిమ్మకాయా లేని, బ్రేకూ లేని స్కూటరు. అతనికి కనీసం నమ్మకమన్నా ఉంది. నాకు ఉన్నది బద్ధకం, దానికి హేతువాదమని పేరు పెట్టుకున్నాను. స్కూటరును అక్కణ్ణుంచే వెనక్కి నెట్టుకొచ్చి అదే షెడ్డులో పెట్టాను. దానికీ టెంకాయ కొడతానన్నాడు మెకానిక్కు. వద్దన్నాను. ముందు విప్పమన్నాను.

ఇక మీరు. నాతో ఏకీభవించవద్దు, తల ఊపవద్దు, బాగా రాశారని ఫోను చేయవద్దు. దండ తీసేయమని కూడా అడగను, దాని సంగతి తర్వాత తేల్చుకుందాం. ఇది పక్కన పెట్టి లేవండి. బయట నిలబెట్టిన మీ బండి దగ్గరికి వెళ్ళి బ్రేకు తొక్కండి. మొదటి తొక్కుకు పట్టకపోతే, రెండోసారి తొక్కకుండా దాన్ని నెట్టుకుంటూ మెకానిక్కు దగ్గరికి పోండి. ఇప్పుడే పోండి.