ఆమెన్ అనని పెద్దాయన

తొంభయ్యో దశకం మొదట్లో పరాయి దేశంలో మేముండే పారమట్టాలో తెలుగు క్రైస్తవ కుటుంబాలు కొద్ది. నెలకో శనివారం ఎవరో ఒకరింట్లో ప్రార్థన కూడిక పెట్టుకునేవాళ్ళం. ఆ కబుర్లు డైరీలో రాసుకోవడం నాకు అలవాటు. అందులో ఒక తెనాలి పెద్దాయనకు నేను పెట్టుకున్న పేరు ‘ఆమెన్ అననాయన’. భార్య పోయాక ఆయన ఒంటరిగా ఉండేవారు. ఒక్కగానొక్క కూతురు ఆయనతో గొడవపడి మెల్‌బోర్న్ వెళ్ళిపోయింది. ఈయన ఫోన్ చేస్తే తీసేది కాదు.

“ప్రభువా, ఆ బిడ్డను ఇంటికి తీసుకురా” అని ప్రతి కూడికలోనూ ఎవరో ఒకరు ప్రార్థించేవారు. అందరం ఆమెన్ అనేవాళ్ళం. ఆయన మాత్రం పెదవి కదిపేవారు కాదు.

ఒకసారి కూడిక ఆయనింట్లోనే జరిగింది. టీ తాగేటప్పుడు మా ఆవిడ ఉండబట్టలేక అడిగేసింది.

“ఏంటి అంకుల్, దేవుడి మీద డౌటా? ఆయన తలుచుకుంటే మీ అమ్మాయిని రేపే తీసుకురాలేడా?”

“తేగలడమ్మా, ఆయనకేం! కానీ ఆయన లాక్కొస్తే అది వచ్చినట్టు ఎట్టా అవుద్ది? రావాలనుకోవాల్సింది అది. దాని బదులు ఆయన అనుకోలేడు గదా, ఎంత దేవుడైనా.”

“మరి మీరేం అడుగుతారు అంకుల్?”

ఆయన కప్పు కింద పెట్టి, కూర్చున్నచోటే కళ్ళు మూసుకున్నారు.

“ప్రభువా, దానికి రావాలనిపించిన రోజున నేను ఇంట్లో ఉండేట్టు చూడు.”

ఈసారి ఆమెన్ ఆయనొక్కరే అన్నారు.