అమ్మ పంచేసిన ఖాళీ కార్డులు

ఆ రోజుల్లో నాకు కోపం పిలవకుండానే వచ్చేది, వస్తే పోయేది కాదు. ఇప్పుడు ఉద్యోగం, పిల్లలు కలిసి దాన్ని అరగదీశారు గానీ, అప్పట్లో భద్రాచలం అవతల అడవి అంచున కొత్తగా చేరిన నర్సుని. నోట్లో తెలుగు తప్ప మరో మాట లేదు. వచ్చేవాళ్ళలో సగం మంది కోయ మాట్లాడేవారు. మా హెల్త్ సెంటర్ ఆయమ్మ ఒక్కో మాటా చెబుతుంటే రాసుకుని నేర్చుకునేదాన్ని. ముందు నోటుబుక్కు చింపి చీటీలు చేసుకున్నాను. జేబులో చెమటకు తడిసి ముద్దయ్యాయి. చివరికి ఖమ్మంలో ఒక దుకాణంలో దొరికాయి, ఖాళీ కార్డులు: మందమైనవి, మూలలు గుండ్రంగా, పై అంచు మధ్యలో చిల్లు, గుచ్చుకోవడానికి ఇనప రింగు. రెండు కట్టలు కొన్నాను. ఒక కట్ట ఒళ్ళు నొప్పుల మాటలకే అయిపోయింది. అరవై కార్డుల రెండో కట్ట మాత్రం కాన్పు ప్రశ్నల కోసం దాచాను. దానికో కారణముంది. గూడెంలో ఒకామెకు నెలలు నిండుతున్నాయి. మొదటి బిడ్డ ఇంట్లోనే పుట్టి పోయింది, అయినా దవాఖానాకు రానంటే రానంది. ఆయమ్మ చేత చెప్పిస్తే ఆయమ్మ ముఖమే చూసేది తప్ప నన్ను చూసేది కాదు. ఈసారి నేనే అడగాలనుకున్నాను.

క్రిస్మస్ పండక్కి ఇల్లందులో అమ్మ దగ్గరికి వెళ్ళాను. కొత్త సంవత్సరం ఉదయం మందిరంలో వాగ్దానాల పళ్ళెం తిప్పారు (కళ్ళు మూసుకుని ఒక కార్డు తీసుకుంటే, దాని మీదున్న వాక్యమే ఆ ఏడాదికి మనకు దేవుడిచ్చిన మాట, కింద పేరు రాసుకుని దాచుకుంటారు). నేనూ చెయ్యి పెట్టాను. గుండ్రటి మూల తగిలింది. చిల్లు తగిలింది. కళ్ళు తెరిచాను. నా కార్డు! మందిరమంతా నా కార్డులే! అయ్యగారు ప్రార్థన చేస్తున్నారు గనక బతికిపోయింది మా అమ్మ.

ఇంటికి రాగానే ఆ కార్డు బల్ల మీద పడేసి అరిచాను. "ఏందమ్మా ఇది? నా సంచిలోయి ఎట్ల తీసినవ్?"

"గట్ల అరుస్తవేంది బిడ్డా, వాటి మీద ఏం రాసి లేదు గద! పాతయి చిరిగినయని నేనే కూసోని రాసిన."

"రాసి లేదనే కొనుక్కున్నా!"

"ఖాళీ అట్టలు గూడ కొంటరా ఎవరన్న?" అంది నిజంగా ఆశ్చర్యపోయి.

అదే మాట మరునాడు ఇల్లందులో ముగ్గురు దుకాణదారులు అడిగారు. ఒకాయన పెళ్ళికార్డులు చూపించాడు. "ఏం వద్దంటే ఎట్ల మేడం, కనీసం గణపతి బొమ్మన్న ఉండాలె" అన్నాడు. ఖమ్మం దుకాణానికి ఫోన్ చేస్తే "ఆ మాల్ బందయింది" అన్నారు. ఆన్‌లైన్‌లో పెడితే మా సెంటర్ పిన్‌కోడ్‌కు డెలివరీ లేదట. (మామూలు అట్ట కత్తిరించుకోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. ఆ రోజు అడిగుంటే మీ మీదా అరిచేదాన్ని.) అమ్మతో మాట్లాడకుండానే బస్సెక్కాను. వారం రోజులు ఆమె ఫోన్ చేసినా నేను ఎత్తలేదు.

ఎనిమిదో రోజు బస్సు కండక్టరు పొట్లం తెచ్చి ఇచ్చాడు. అందులో ముప్పై కార్డులు, రెండు వైపులా తెల్లగా, మునుపటికంటే మందంగా ఉన్నాయి. అమ్మ ఇంటింటికీ తిరిగి అడుక్కుందట. అందరూ వాక్యాన్ని బైబిలు మొదటి పేజీలో ఎక్కించుకుని కార్డు ఇచ్చేశారట. అమ్మ రాసిన వైపులు లోపలికి పెట్టి, రెండేసి చొప్పున మైదా జిగురుతో అతికించింది. చీటీ కూడా పెట్టింది: "ఇగ నీకు వాక్యం అడ్డం రాదు. కోపం దించు."

నేను దించలేదు. అరవై కావాలి, ముప్పై వచ్చాయని అప్పుడు కూడా గొణిగాను.

వాటి మీద ప్రశ్నలు రాసుకుని గూడేనికి వెళ్ళి, ఆ నెలలు నిండినామె ముందు కూర్చుని మొదటి కార్డు కోయలో చదివాను: భయమవుతోందా? నా ఉచ్చారణకు పడీ పడీ నవ్వింది. నవ్వాక నన్ను చూసింది. మాట సరిదిద్ది, అవునని తలూపింది. ఆ వారమే దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది.

మొన్నటి వానలకు బీరువాలో చెమ్మ చేరి ఆ మొదటి కార్డు విచ్చుకుంది. ఒక సగం మీద మా పక్కింటి పిన్ని పేరుంది. రెండో సగం మీద అమ్మ పేరు.

ఫోన్ చేశాను. "నీదెందుకు ఇచ్చినవమ్మా? నీ బైబిల్ల ఎక్కించుకున్నవా?"

"యాడిది, కండక్టరు జల్దీ చేసిండు. జతకు ఒకటి తక్కువ పడ్డది, ఏం చెయ్యాలె? ఇప్పుడు గూడ అరుస్తవా ఏంది?"

అరుద్దామనే నోరు తెరిచాను. "లేదు, రాసుకో, చెప్తా" అని, ఇన్నేళ్ళూ నా దగ్గరే ఉండిపోయిన ఆమె వాక్యాన్ని నెమ్మదిగా చదివి వినిపించాను.