మా కొట్టం కూల్చిన రోజు

ఆ ఆదివారం నేను చేసిన ఘనకార్యం తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడ, మా ఆవిడకు నవ్వు. మా మామగారికి ఏమొస్తుందో అడిగే ధైర్యం మాత్రం ఇంతవరకూ చేయలేదు.

మర్రిపాడు దగ్గర మా ఇంటి వెనక పాత గొడ్ల కొట్టం ఉండేది. గొడ్లను అమ్మేసి ఏళ్ళయింది. రాతి స్తంభాలు, వాటి మీద దూలాలు, పైన పగిలిన పెంకులు. లోపల తేళ్ళు పిల్లాపాపలతో సంసారం చేసుకుంటున్నాయి. దాన్ని తీసేసి కారుకు షెడ్డు వేయాలని నా ఆశ. కారు ఇంకా కొనలేదనుకోండి, అది వేరే సంగతి.

ఆత్మకూరు నుంచి వడ్రంగి రసూల్ భాయ్ వచ్చి చూశాడు.

"పెంకులు దించి, దూలాలు ఒక్కోటీ ఇప్పుకుంటా రావాల. కొయ్య నేనే తీసుకుంటా. పండగ పోయినాక వస్తా."

అంత ఓపిక నాకెక్కడిది? జేసీబీ అడిగితే ఇప్పట్లో ఖాళీ లేదన్నారు. తగలబెడదామన్నాను.

"ఇల్లు గూడా కలిపి కాల్చు, చలి కాచుకుందాం," అంది మా ఆవిడ రమణ.

అప్పుడు దొరికాడు నా స్నేహితుడు, ట్రాక్టరు నడిపే మస్తాన్.

"దీనికి జేసీబీ ఏందిరా? తాడు కట్టి ఒక్క లాగు లాగినామంటే కొట్టం వచ్చి నీ కాళ్ళ మీద పడతాది!"

ఆదివారం పొద్దున్నే ట్రాక్టరు వచ్చింది. పెద్ద దూలానికి నేనే తాడు బిగించాను. రమణ వచ్చి చూసింది.

"ఏమయ్యా, ఆ దూలం కొస మన స్నానాల గది గోడలో ఉండాది. చూసుకున్నావా?"

"ఇంజనీరింగ్ నీకేం తెలుసు, లోపలికి పో," అన్నాను. ఉదయగిరిలో సెల్‌ఫోన్లకు స్క్రీన్లు మార్చే నాకు అప్పట్లో నేనొక ఇంజనీరునని గట్టి నమ్మకం.

మస్తాన్ ఇంజను స్టార్ట్ చేశాడు. ఆ చప్పుడులో రమణ మళ్ళీ బయటికి పరిగెత్తుకొచ్చింది. రెండు చేతులూ ఊపుతూ ఏదో అరుస్తోంది.

"ఏందంట?" అన్నాడు మస్తాన్.

"లాగండి అంటా ఉండాది. లాగరా!"

ఆమె అన్నది "ఆగండి" అని.

ట్రాక్టరు ముందుకు దూకింది. దూలం కిర్రుమంది. కొట్టం కదల్లేదు. దాని బదులు స్నానాల గది గోడ మొత్తం అలిసిపోయిన మనిషిలా మా వైపు ఒరిగి, దభీమని కూలింది.

దుమ్ము తగ్గింది. మస్తాన్ స్టీరింగు వదిలేసి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

గోడ ఉండాల్సిన చోట మా మామగారు నిలబడి ఉన్నారు. కలువాయి నుంచి పొద్దున బస్సుకే దిగారట, నాకు తెలియదు. నడుముకు తువ్వాలు, చేతిలో చెంబు, ఒళ్ళంతా నురగ, నురగ మీద ఎర్రటి దుమ్ము. పెళ్ళినాడు కూడా నా ముందు చొక్కా గుండీ విప్పని మనిషి!

చప్పుడుకు ఊరు ఊరంతా చేరింది. మేకలు తోలుకుపోతున్న అవ్వ ఒకామె ఆగి చూసింది.

"ఎవురబ్బా ఆ దిష్టిబొమ్మ?"

"ఏందబ్బాయ్ ఇది?" అన్నారు మామగారు, చాలా మెల్లగా.

నా బుర్ర అప్పటికే పనిచేయడం మానేసింది.

"నీళ్ళు సరిపోయినాయా మామా?" అన్నాను.

ఆయన బకెట్ అందుకుని చుట్టూ చూశారు. మరుగు ఉన్న చోటు ఒక్కటే కనిపించింది. హుందాగా నడిచి కొట్టంలోకి వెళ్ళారు. కాసేపటికి లోపలి నుంచి గొంతు వినిపించింది.

"అబ్బాయ్! ముందు ఆ ట్రాక్టరును ఊరు దాటించు. అప్పుడు పోసుకుంటా!"

కొత్త గోడ లేచేదాకా మా ఇంటిల్లిపాదికీ స్నానాలు ఆ కొట్టంలోనే, తేళ్ళను అదిలిస్తూ. తర్వాత రసూల్ భాయే వచ్చి దాన్ని పెంకూ పెంకూ విప్పి తీసుకుపోయాడు.

అందుచేత పాఠకులారా, మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను: స్నానాల గది తలుపు తట్టి, లోపల మామగారు లేరని రూఢి చేసుకోకుండా ఈ జన్మలో నేను బట్టలారేసే తాడు కూడా లాగను.