సెకండ్ బేస్ కింది గుంత

చాలా ఏళ్లుగా ఒక్క వాక్యాన్ని మోస్తున్నాను. నేను అన్న వాక్యమే. పెద్దదేం కాదు. ఆసుపత్రి వరండాలో ఒక తండ్రి అడిగిన ప్రశ్నకు జవాబుగా అన్నాను. ఆ రోజు నుంచి అతను దాన్ని నిజమని నమ్ముతున్నాడు. నేనేమో దాని మీద ఒక లీగ్ నడుపుతున్నాను.

మీకెందుకు చెబుతున్నాను? మీరు మా కాలనీ వాళ్లు కారు కాబట్టి. రేపు పాల ప్యాకెట్ల దగ్గర ఎదురుపడి నా మొహంలోకి చూడరు కాబట్టి. ముందే ఒక మాట. నా మీద జాలి పడొద్దు, నన్ను క్షమించొద్దు. ఆ పని మీది కాదు. కూర్చుని వినండి, చాలు.

ఎల్‌బీ నగర్ మెట్రో దిగి, హైవే దాటి లోపలికొస్తే మా కాలనీ. మధ్యలో పార్కు కోసం వదిలిన ఖాళీ జాగా ఉంది. పార్కు రాలేదు, వస్తుందన్న ఆశ కూడా పోయింది. నేను గుంటూరులో చదువుకునే రోజుల్లో సాఫ్ట్‌బాల్ ఆడాను, బాగానే ఆడాను. పెళ్లయి ఇక్కడికొచ్చాక దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీ టీచర్‌గా చేరాను. ఆ స్కూలుకు గ్రౌండ్ లేదు. బస్సులు నిలిపే సెల్లార్‌లో పిల్లల చేత చేతులు పైకీ కిందకీ ఊపించడమే నా ఉద్యోగం. అది భరించలేకే ఆదివారం ఆదివారం మా కాలనీ జాగాలో లీగ్ మొదలుపెట్టాను. ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్, మగపిల్లలకు బేస్‌బాల్.

మొదట్లో అందరూ నవ్వారు. క్రికెట్ ఉండగా ఇదేంటి మేడమ్ అన్నారు. సాఫ్ట్‌బాల్ అంటే మెత్తటి బంతేమో అన్న పెద్దాయన చేతిలో బంతి పెట్టి, పట్టుకుని చూడండి అన్నాను. అది రాయిలా తగిలేసరికి ఆయన గబుక్కున తిరిగిచ్చేశాడు. తల్లిదండ్రులను ఒప్పించడానికి స్పోర్ట్స్ కోటా అనే మాట వాడాను. కోచింగ్ సెంటర్ల దిల్‌సుఖ్‌నగర్ గాలి పీల్చే తల్లిదండ్రులు కదా, సీటు అన్న మాట వినబడితే చాలు, ఆగి వింటారు. అది అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. దానికి నాకు సిగ్గు లేదు.

లీగ్ అంటే ఏదో ఊహించుకోకండి. గ్లవ్స్ అందరికీ కొనే స్తోమత లేదు, గోనెసంచిలో పోసి ఉంచేవాళ్లం, ఫీల్డింగ్‌కు వెళ్లే టీమ్ అందులోంచి ఏరుకునేది. బేసులంటే, బంతి కొట్టినవాళ్లు పరుగెత్తి వరసగా తాకాల్సిన చోట్లు, మాకు ఇసుక నింపి కుట్టిన బియ్యం సంచులే. ఒకే వీధి పిల్లలంతా ఒకే టీమ్‌లో పడకుండా చీటీలు వేసేవాళ్లం. అంపైర్లు తల్లిదండ్రులే. సొంత బిడ్డ ఆడే ఆటకు మాత్రం అంపైర్‌గా నిలబడకూడదు. ఆ నియమం పెట్టింది నేనే. ఎందుకంటే, ఎంత నిజాయితీ గలవాళ్లయినా సరే, తమకు కావలసినది ఎదురుగా ఉన్నప్పుడు కళ్లు సరిగా పనిచేయవని నాకు తెలుసు. చూశారా, అంత తెలిసినదాన్ని.

ఆ జాగాకు ఇంకో హక్కుదారు ఉన్నాడు. నర్సింహ. కాలనీ పుట్టకముందు, ఇదంతా పొలాలుగా ఉన్నప్పటి నుంచీ ఇక్కడున్న కుటుంబం. బాటసింగారం మార్కెట్లో బత్తాయిల వ్యాపారం చేస్తాడు. ఏటా వినాయక చవితికి ఆ జాగాలోనే మండపం వేయించేది అతనే, మొదటి గుంజ పాతేదీ అతనే. బాలాపూర్ అంత కాకపోయినా మాకూ ఒక లడ్డు వేలం, ఒక బ్యాండు, ఒక పరువు. మండపం పని మొదలైనప్పటి నుంచి నిమజ్జనం అయ్యేదాకా ఆటలు బంద్. నిమజ్జనం అయ్యాక గ్రౌండ్ నిండా గుంజలు పీకిన గుంతలు. వాటి గురించి నేనూ నర్సింహా ప్రతి ఏడూ పోట్లాడుకునేవాళ్లం. సాయంత్రం నాతో గొంతు చించుకుని, పొద్దున్నే పిల్లల కోసం బత్తాయిల సంచి మోసుకొచ్చేవాడు. ఎందుకంటే అతని కూతురు అఖిల మా టీమ్‌లో ఆడేది.

ఆడేది అంటే ఏదో ఆడేది అని కాదు. నా చేతుల మీదుగా వెళ్లిన పిల్లల్లో అంతటి పిల్ల లేదు. బంతి బ్యాట్‌ను తాకకముందే ఎటు వస్తుందో ఆ పిల్ల పాదాలకు తెలిసేది. పెద్ద జట్టులో నాకు దక్కని చోటు ఆమెకు దక్కుతుందని నమ్మాను. రాష్ట్ర జట్టు ఎంపిక చూసేవాళ్లను బతిమాలి, ఫోన్లు చేసి, చివరికి ఒక ఆదివారం మా గ్రౌండ్‌కు రప్పించాను. ఆ ఆదివారం సరిగ్గా నిమజ్జనం అయిన వెంటనే వచ్చింది.

శనివారం మధ్యాహ్నం నర్సింహ తనే గుంతలు పూడ్చాడు. కుర్రాళ్లకు వదల్లేదు, కూతురి ఆట కదా. ఇటుక ముక్కలు వేసి, మట్టి పోసి, నీళ్లు కొట్టి, గడ్డపారతో కుమ్మి వెళ్లాడు. సాయంత్రం నేను సున్నంతో గీతలు గీయడానికి వెళ్లాను. మండపం నడిమి గుంజ పాతిన చోట, సరిగ్గా మా సెకండ్ బేస్ వచ్చే చోట, ఒక ఇటుక మూల పైకి పొడుచుకుని ఉంది. సాఫ్ట్‌బాల్‌లో పిల్లలు బేస్ మీదికి నేలబారుగా జారతారు. ఇటుక తగిలితే తొడ చీరుకుపోతుంది. దాన్ని పీకాను. కింద ఇంకోటి. దాన్నీ పీకాను. పీకుతూ పీకుతూ గుంత మొత్తం ఖాళీ చేశాను. ముక్కలన్నీ గోడ పక్కకు విసిరేశాను. తర్వాత జల్లించిన మెత్తటి మట్టి తెచ్చి నింపాను.

అలా నింపిన గుంతకు ఏం చేయాలో నాకు తెలుసు. కొంచెం కొంచెంగా పోస్తూ, నీళ్లు పట్టిస్తూ, కుమ్ముతూ రావాలి. ఆ తర్వాత వదిలేయాలి, మట్టి కుదురుకోవాలి. అంత సమయం లేదు. వేరే దారి లేదా? ఉంది. గీతలన్నీ చెరిపి బేసులన్నీ పక్కకు జరపొచ్చు. నర్సింహకు ఫోన్ చేసి మళ్లీ రమ్మనొచ్చు. అతనికి ఫోన్ చేయడం నాకు నామోషీ. ఆట నాది, గ్రౌండ్ గురించి నాకు తెలిసినంత అతనికేం తెలుసు అనుకున్నాను. కాళ్లతో తొక్కాను. పైన ఒక చెంబుడు నీళ్లు చల్లి, సంచి పెట్టాను. చూడ్డానికి చాలా బాగుంది. ఎవరూ చూడలేదు. ఆ సమయంలో దొంగచాటు పని చేస్తున్నానన్న ఆలోచన కూడా లేదు, మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను.

మర్నాడు అఖిల బంతిని గట్టిగా కొట్టింది. మొదటి బేస్ దాటింది, ఆగలేదు, సెకండ్ బేస్ మీదికి జారింది. పాదం సంచిని తాకింది. సంచి కుంగింది. పాదం సంచితో పాటు లోపలికి పోయింది, ఒళ్లు ముందుకు వెళ్లిపోయింది. ఆ పిల్ల అరవలేదు. నేను పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి దుమ్ములో పడి ఉంది, కాలు వైపు చూడకుండా నా వైపు చూసి, "మేడమ్, ఔటా?" అని అడిగింది. కాదమ్మా అన్నాను. అది మాత్రం నిజమే చెప్పాను.

ఆసుపత్రిలో, ఆపరేషన్ గది బయట, నర్సింహ నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు. తర్వాత అడిగాడు.

"అక్కా, గా గుంత నేనే పూడ్చిన. ఇటుకలేసిన, నీళ్లు గొట్టిన, గడ్డపారతోని కుమ్మిన. మరి ఎట్ల కుంగింది?"

నిలదీయలేదు. గ్రౌండ్ సంగతి నాకు తెలుసు కాబట్టి నన్ను అడిగాడు, అంతే. జవాబు నా గోళ్లలో ఇంకా ఉంది, ఆ మట్టి పోలేదు.

"పైకి గట్టిగానే కనిపిస్తుంది తమ్ముడూ. లోపల మట్టి కుదురుకోవడానికి టైం పడుతుంది. నువ్వు మాత్రం ఏం చేస్తావు?" అన్నాను.

"అంటే నా బిడ్డ కాలు నేనే ఇరగ్గొట్టిన్నా అక్కా?"

"అలా అనుకోకు. కావాలని చేశావా ఏంటి?"

ఓదార్చాను. అవును, చేయి పట్టుకుని మరీ ఓదార్చాను. అతను తల ఊపాడు, కళ్లు తుడుచుకున్నాడు, నాకోసం టీ తెచ్చాడు. ఆ టీ తాగాను.

ఎందుకు చెప్పలేదు? భయమేనా? భయం ఉంది. నిజం చెబితే లీగ్ ఆ రోజే మూతపడేది, మగవాళ్లు తలలాడించేవాళ్లు, ఆడపిల్లలు మళ్లీ బాల్కనీల్లోకి వెళ్లేవాళ్లు. కానీ ఒక్క భయమే అంటే అది కూడా అబద్ధమవుతుంది. అతను ఆ ప్రశ్న అడిగిన క్షణంలో, తన బిడ్డ లోపల ఉండగా, నాకు ఇంకోటి తట్టింది. ఇక గ్రౌండ్ నాదే అని. ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఇదే. గుంత తవ్వడం పొరపాటు. ఇది పొరపాటు కాదు.

నేను అనుకున్నట్టే జరిగింది. కాలనీ మీటింగ్‌లో ఎవరో మండపం గుంతల మాట ఎత్తబోయారు. అవసరం రాలేదు. నర్సింహే లేచి, వచ్చే ఏటి నుంచి మండపం వాటర్ ట్యాంక్ పక్క గల్లీలో వేద్దాం అన్నాడు. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. గల్లీ ఇరుకు, విగ్రహం చిన్నదైంది, వేలానికి జనం తగ్గారు. అతను మండపం పెద్దరికం వదిలేశాడు. గుంజ పాతమంటే పాతడు. నా చెయ్యి మంచిది కాదు అంటాడు.

అఖిల కాలికి ప్లేటు వేశారు. నడుస్తుంది. పరుగెత్తితే ఒక కాలు కొంచెం వెనకబడుతుంది. ఎంపికలు వచ్చాయి, పోయాయి. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, ఆదివారాలు మా ఆటలకు అంపైర్‌గా నిలబడుతుంది. ఔట్ అని అరిస్తే మెట్రో దాకా వినబడుతుంది.

ఇప్పుడు మీరు నన్ను ఏదో ఒకటి అనాలనుకుంటారు. అనండి. అబద్ధం మీద నిలబడ్డ లీగ్ అంటారా? అవును, అయితే ఏంటి? పిల్లల్ని ఇంటికి పొమ్మననా? ఆ గ్రౌండ్ మీద నేర్చుకున్న ఆడపిల్లలు జిల్లాకు ఆడారు, రాష్ట్రానికి ఆడారు. కాలేజీ సీటు తెచ్చుకున్నవాళ్లున్నారు, పెళ్లయ్యాక కూడా ఆదివారం పొద్దున్నే గ్లవ్ తగిలించుకుని వచ్చేవాళ్లున్నారు. గ్రౌండ్ ఏడాది పొడవునా మాది కాకపోతే ఇందులో సగం జరిగేది కాదు. ఎవరి ముందైనా దీన్ని సమర్థించుకుంటాను. నా స్థానంలో మీరుంటే చెప్పేవాళ్లా? తొందరపడి అవుననకండి.

సమర్థించుకోలేనిది ఒకటుంది. ప్రతి ఆదివారం ఆటకు ముందు నర్సింహ వస్తాడు. ఎవరూ రమ్మనరు. ఇప్పుడక్కడ గుంతలు లేవు, అయినా వస్తాడు. సెకండ్ బేస్ చోట మడమతో గట్టిగా నొక్కుతాడు. చుట్టూ నొక్కుతాడు. నీళ్లు పోస్తాడు, ఆగుతాడు, మళ్లీ నొక్కుతాడు. అప్పుడు తనే సంచి లాగి పెట్టి, "ఇప్పుడు మంచిగుంది అక్కా, ఆడిపియ్యి" అంటాడు. నేను సరే తమ్ముడూ అంటాను. ఆసుపత్రిలో ఒక్కసారే అబద్ధం చెప్పానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. కాదు. ప్రతి ఆదివారం చెబుతున్నాను.

ఇవాళ పొద్దున గల్లీలో మండపం పని మొదలైంది. కుర్రాళ్లు గుంజ తెచ్చి నర్సింహ ముందు పెట్టారు. అతను చేతులు జోడించాడు. అఖిలకు కోపం వచ్చింది. "ఇంకెన్నేండ్లు డాడీ? నాకు లేని బాధ నీకేంది?" అంది. అతను నవ్వి, అటుగా వెళ్తున్న నన్ను చూపించాడు. "నీకేం తెల్సు బిడ్డా. అక్కనడుగు, ఆమె చెప్తది."

అఖిల నా వైపు తిరిగింది. ఆ రోజు దుమ్ములో పడి చూసినట్టే చూసింది. నేను బేసుల సంచులు భుజం మీద సర్దుకుని, ఆటకు టైమైందన్నాను.

ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. మీకు చెప్పడం అతనికి చెప్పడం కాదని నాకు తెలుసు. అయినా ఈ మాటలు ఒక్కసారైనా నాలోంచి బయటికి రావాలి, అతని పేరుతోనే రావాలి.

నర్సింహా, నువ్వు పూడ్చిన గుంత గట్టిదే. ఇటుకలు, నీళ్లు, గడ్డపార, అన్నీ సరిగానే ఉన్నాయి. తవ్వింది నేను. నీ బిడ్డ కాలు నీ వల్ల విరగలేదు. క్షమించమని అడగను, గ్రౌండ్ తిరిగివ్వను. నీ చెయ్యి మంచిదే తమ్ముడూ, వెళ్లి గుంజ పాతు.