సూర్యానికి అందిన ఉత్తరం

దయ్యాల మాట వింటే నవ్వేవాణ్ణి నేను. వైద్యం కొంత చదివినవాణ్ణి. శవాలను కోసి చూశాను, వాటిలో భయపడవలసిందేమీ నాకు కనిపించలేదు. దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. నాకు జరిగింది మాత్రం చెబుతాను.

రాజమండ్రిలో చదువు ముగించి వైద్యం చదవడానికి ఎడింబరో వెళ్ళాను. అక్కడ ఎలా బతకాలో ముందుగా చెప్పే మనిషి నాకు ఒక్కరూ దొరకలేదు. గదిలో బొగ్గుల పొయ్యి వెలిగించమని ఇంటావిడను అడగవచ్చని తెలియక, చలికాలమంతా కోటు కప్పుకుని పడుకున్నాను. మాంసం ముట్టను కనుక రొట్టె, పాలతోనే గడిపాను. చివరికి ఊపిరితిత్తులకు జబ్బు చేసింది. ఏడాది తిరక్కుండానే ఓడెక్కించి పంపేశారు.

అమ్మానాన్నలు లేరు. ధవళేశ్వరంలో మేనమామ ఇంటికి చేరాను. ఆయన ఆనకట్ట ఆఫీసులో గుమాస్తా. సముద్రం దాటితే కులం చెడుతుందనే రోజులవి, నేను దాటి వచ్చినవాణ్ణి. ప్రాయశ్చిత్తం సంగతి కులపెద్దలు తేల్చేదాకా నన్ను మేడమీద గదిలో ఉంచి బయట గొళ్ళెం పెట్టారు.

“నాలుగు రోజులు ఓర్చుకోరా. నలుగురిలో బతకాల్సినవాళ్ళం,” అన్నారు మావయ్య.

మళ్ళీ దొరల సీమకు ఉత్తరాలు రాస్తానేమోనని కాగితాలు, కలం, సిరా తీసుకుపోయారు. గదికి ఒకటే కిటికీ. చువ్వల అవతల పక్కింటి గోడ. మంచం నుంచి తలుపుకు ఏడడుగులు. నాలుగు రోజులన్నది నెలన్నర అయింది.

అంతకంటే పెద్ద బాధ ఇంకొకటి మొదలైంది. నిడదవోలు సూర్యం కాలేజీలో నాకంటే రెండేళ్ళు చిన్న. అతనూ ఎడింబరో బయలుదేరుతున్నాడని అత్తయ్య చెప్పింది. మెత్తని మనిషి, నోరు తెరిచి ఏదీ అడగలేడు. నాకు పట్టిన గతే అతనికీ పడుతుంది. ఒక్క ఉత్తరం రాయనివ్వమని మావయ్యను బతిమాలాను.

“నువ్వు చెడింది చాలదా?” అని దిగి వెళ్ళిపోయారు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు ఆ ఏడడుగుల్లో తిరుగుతూ, ఉత్తరం రాస్తున్నట్టే పైకి చెప్పుకునేవాణ్ణి. సూర్యం, పొయ్యి అడిగి వెలిగించుకో. పప్పుగింజలు దొరుకుతాయి, వండిపెట్టమని అడుగు. దిగులేస్తే గదిలో ఒక్కడివీ కూర్చోకు, తోటి విద్యార్థుల దగ్గరికి వెళ్ళు. సిగ్గుపడకు.

“ఎవరితో నాయనా మాటలు?” అని తలుపు అవతల నుంచి అడిగింది అత్తయ్య.

“సూర్యంతో అత్తయ్యా.”

ఆవిడ ఏడవడం వినిపించింది. నాకు మతి పోయిందనుకుని ఉంటుంది. నాకూ ఆ అనుమానం వచ్చింది. ఒకనాడు మధ్యాహ్నం నడక మొదలుపెట్టిన సంగతి గుర్తుంది. తరవాత చూసుకుంటే పొద్దు వాలిపోయింది. అన్నం పళ్ళెం ముట్టకుండా అలాగే ఉంది. కుడిచేతి వేళ్ళు మాత్రం బాగా రాసిన వాడివిలా లాగుతున్నాయి.

తరవాత పెద్దలు తేల్చారు, గొళ్ళెం తీశారు. నేను మళ్ళీ సీమకు వెళ్ళలేదు. రాజమండ్రిలో బడిపంతులునయ్యాను.

నాలుగేళ్ళకు సూర్యం డాక్టరై వచ్చాడు. వచ్చీరాగానే మా ఇంటికొచ్చి నా కాళ్ళకు దణ్ణం పెట్టాడు.

“మీ ఉత్తరం లేకపోతే తిరిగొచ్చేవాణ్ణి కాదండీ,” అన్నాడు.

“ఏం ఉత్తరం?”

అతను నవ్వి, జేబులోంచి కవరు, అందులోంచి మడతలు నలిగిన కాగితం తీశాడు. మద్రాసులో ఓడెక్కే ముందురోజు, బంధువుల ఇంటికి టపాలో వచ్చిందట. ఆ ఇంటి చిరునామా నాకు తెలియనే తెలియదు. కవరు మీద ధవళేశ్వరం ముద్ర, నేను గదిలో ఉన్న నాటి తేదీ ఉన్నాయి. అక్షరాలు నావే. గదిలో పైకి చెప్పుకున్న మాటలన్నీ వరసగా ఉన్నాయి.

అత్తయ్యకు చదువు రాదు. మావయ్యను అడిగితే, ఆ ఉత్తరం సంగతి తనకేమీ తెలియదని దేవుడి మీద ఒట్టేశారు.

ఉత్తరంలో నేను అనని మాట ఒకటుంది. ఫలానా వీధిలో ఫలానా ఇంట్లో ఒక వితంతువు ఉంది, గది అద్దెకిస్తుంది, తల్లిలా చూస్తుంది, నేరుగా అక్కడికే వెళ్ళు అని. ఆ వీధిలో నేనెప్పుడూ అడుగుపెట్టలేదు. సూర్యం మాత్రం నేరుగా అక్కడికే వెళ్ళాడు. జ్వరం తగిలినప్పుడు రాత్రింబవళ్ళు ఆవిడే కాపాడిందట.

ఉండబట్టలేక ఆవిడకు రాశాను. మూడు నెలలకు జవాబొచ్చింది. సూర్యం తలుపు తట్టేనాటికి భర్త పోయి రెండు వారాలే అయిందట. గది అద్దెకివ్వాలని అంతకు ముందురోజే అనుకుందట, ఇంకా ఎవరికీ చెప్పలేదట. “నా ఇల్లు మీకెలా తెలిసిందో మిమ్మల్నే అడగాలనుకున్నాను,” అని రాసింది.

సూర్యం నా దగ్గరే వదిలివెళ్ళిన కవరు మీద తేదీ మళ్ళీ చూశాను. ఆ తేదీ తరవాత అతను ఓడలో ఎడింబరో చేరడానికే నెల దాటింది. ఆవిడను వితంతువని ఆ ఉత్తరం చెప్పిన రోజుకు ఆవిడ భర్త బతికే ఉన్నాడు.

ఆవిడకు ఏం జవాబు రాయాలో ఇవాళ్టికీ తెలియలేదు.