కింది అరలోని మంచి చీరలు

ఈ నెల మొదటి సోమవారం తెల్లవారుజామున మా తమ్ముడు వీరేశం గుండెపోటుతో కన్నుమూశాడన్న వార్త విని మ్రాన్పడిపోయాను. నాకంటే తొమ్మిదేళ్లు చిన్నవాడు. నాకంటే ముందు పోవలసిన లెక్క కాదు. కన్నుమూశాడని రాశాను గానీ, అదీ తప్పే. వాడి కళ్లు మూతపడలేదు. పాడె చుట్టూ చేరిన ఆడవాళ్లు "ఏదో కోరిక మిగిలింది, అందుకే కండ్లు మూస్తలేడు" అని గుసగుసలాడారు. అంత దుఃఖంలోనూ నాకు ఒళ్లు మండింది. పద్దెనిమిదో ఏటి నుంచీ వాడు అరకన్ను తెరిచే నిద్రపోయేవాడు.

మట్టెవాడలో వాడి చీరల దుకాణానికి ఇరవై ఏళ్లుగా వచ్చినవాళ్లే "మంచోడేగని గర్వం జాస్తి" అంటారు. నవ్వడు, పెద్దలకు చేతులెత్తి దండం పెట్టడు, పై అరలోని చీర దించడు. ఒకసారి నేనుండగానే ఒకామె, "నవ్వితె గూడ టాక్సు గట్టాల్నా సేటూ?" అంది. వాడు ముఖం కదలకుండా, "నవ్వు స్టాకు లేదక్కా, చీరె జూడు" అన్నాడు. అన్ని దుకాణాల్లో ఖరీదైనవి పైన ఉంటాయి. వీడు కింద పెట్టాడు, చెయ్యి అక్కడికే అందేది కనుక. ఆమె "కిందియన్ని నాసిరకమే" అని లేచిపోయింది. ఇది గర్వం కాదు, జబ్బని వాళ్లకు చెప్పరా అంటే, "చీరెలమ్మ కూసున్న, జాలి అమ్మనీకా?" అనేవాడు.

ఎనభై నాలుగులో వాణ్ని హైదరాబాదులో డాక్టరు దగ్గరికి బలవంతంగా తీసుకుపోయింది నేనే. డాక్టరు ఈల వేయమన్నాడు. గాలి వచ్చింది, ఈల రాలేదు. కళ్లు బిగించి మూయమన్నాడు. రెప్పల సందున తెలుపు కనిపిస్తూనే ఉంది. చేతులు ముందుకు చాపితే రెక్క ఎముకలు వీపు మీద పైకి లేచాయి. తర్వాత స్కానింగు ఫిల్మును వెలుతురుకు పెట్టి చూపించాడు. కండ ఉన్నచోట బూడిదరంగు, కండ కరిగి కొవ్వు చేరినచోట నలుపు. భుజం మీది కండ నిక్షేపంగా ఉంది. రెక్కను వీపుకు పట్టి ఉంచే కండలే పోయాయి, అందుకే చెయ్యి పైకి లేవదు. కుడివైపు ఎక్కువ, ఎడమవైపు తక్కువ. తమ్ముడు తొంగిచూసి, "కుడిదిక్కు గోదాం ఖాళీ అక్కా, ఎడమదిక్కు జర సరుకున్నది" అన్నాడు.

అది అరుదైన వ్యాధి అనీ, వంశంలో వస్తుందనీ డాక్టరు చెప్పినప్పుడు మాత్రం పరాచికం ఆగింది. "మరి నా బిడ్డకు?" అన్నాడు. రావచ్చు, రాకపోవచ్చు, సగం సగం అన్నాడు డాక్టరు. ఇంటికొచ్చి వాడి కూతురు సరళను ఈల వేయమన్నాం. రాలేదు.

నెల తిరగకుండా వడ్రంగిని పిలిచి దుకాణంలో పై అరలన్నీ పీకించాడు. వ్యాపారం మునిగిందని బజారంతా చాటింది. "మునుగలే అక్కా, రేపు బిడ్డ కూసుంటె చెయ్యి అందాలె గద" అన్నాడు నాతో.

వాడు పోయిన పదకొండో రోజున ఒక పెద్దమనిషి సరళ ఎదుటే, "తండ్రి పోతె మొఖంల ఏడ్పన్న లేదు, అచ్చం అయ్య పొగరే" అన్నాడు. ఆ పిల్ల చెంపలు తడిసే ఉన్నాయి. ముఖం ముడుచుకోలేదు, అంతే. ముఖం ముడవడానికీ కండలు కావాలి. ఎన్నిసార్లు చెప్పాలి?

వాడి మాట ఇక వినబడదు. ఆ లోటు నాకు తీరేది కాదు. వాడి మీద గౌరవమున్నవాళ్లు దండలు తేనక్కర లేదు. వచ్చే సోమవారం నుంచి సరళ దుకాణంలో కూర్చుంటుంది. వెళ్లండి. ఆ పిల్లను నవ్వమనకండి. పైకి చూడకండి, అక్కడేమీ లేదు. మంచి చీరలు ఎప్పుడూ కిందే ఉండేవి.