మూడు సంతకాల గురువారం

అరవై ఎనిమిదో నంబరు రోడ్డు మీద రోనీ హెడ్‌లుండ్ కారు ఆగిపోయింది. మంచూ వానా కలిసి మొహాన కొడుతుంటే అరగంట నిలబడ్డాక ఒక దుంగల లారీ ఆగింది. ఎక్కి కూర్చుని, వణుకు కాస్త తగ్గాక స్టీరింగు వైపు చూశాడు. డ్రైవరు ఎడమచేతి వేళ్ళు మూడు కొక్కేల్లా వంకరపోయి ఉన్నాయి. ఆ వేళ్ళు ఎవరివో అతనికి తెలుసు.

 

“బెల్టు పెట్టుకో రోనీ,” అన్నాడు డ్రైవరు పది కిలోమీటర్లు పోయాక. “నువ్వు చస్తే కాగితాలు నేను నింపాలి.”

హోకన్. ముప్ఫై రెండేళ్ళ తర్వాత.

ఓడరేవుల్లో పాట పుడుతుంది, పొలాల్లో పదం పుడుతుంది. ఉక్కు ఊళ్ళలో పెరిగినవాళ్ళు మాత్రం దెబ్బ చప్పుడే వెతుక్కుంటారు, అది లేనిచోట తామే కొడతారు. ఫాగెర్‌స్తా అనే అలాంటి ఊళ్ళో ఒకే తరగతిలో చదివిన ముగ్గురు కుర్రాళ్ళు పందొమ్మిది వందల తొంభైలో బ్యాండు కట్టి దానికి ‘శవజాగారం’ అని పేరు పెట్టారు. అరుపు యోర్గెన్‌ది, గిటారు హోకన్‌ది, డ్రమ్ములు రోనీవి. సాధన చేసేది ఒక అపార్టుమెంటు కిందున్న బాంబు షెల్టరులో. దాని ఉక్కు తలుపు మందం జానెడు.

ఆ గది ఇచ్చింది ఊళ్ళోని వయోజన విద్యా సంఘం. షరతు ఒకటే: ప్రతి గురువారం కనీసం ముగ్గురు ‘అధ్యయనానికి’ వచ్చినట్టు హాజరు కాగితం మీద సంతకాలు పడాలి. దేశంలో సగం బ్యాండ్లు అలాగే బతికాయి. పుస్తకం తెరిచిన పాపాన ఒక్కడూ పోలేదు. ఎవడైనా రాకపోతే వచ్చినవాడే ముగ్గురి పేర్లూ గీకేసేవాడు. దాన్ని అబద్ధమని ఎవరూ అనుకోలేదు.

మొదటి కచేరీలోనే, ముందు వరసలో నవ్వినవాడి ముక్కును యోర్గెన్ తన నుదుటితో పగలగొట్టాడు. రెండో కచేరీకి పంది నెత్తురు బకెట్టుతో తెచ్చి జనం మీద కుమ్మరించాడు. జనం మాత్రం పెరిగారు. వాళ్ళ పాటల టేపులు పోస్టులో పోయేవి. స్టాంపుల పైన జిగురు పూత వేసి పంపితే అవతలివాళ్ళు ముద్ర కడిగేసి తిరిగి వాడుకునేవారు. “మీ డ్రమ్ములు విని మా కుక్క ఇల్లు వదిలి పోయింది, ఇంకో టేపు పంపండి,” అని పోలండు నుంచి ఒకడు రాశాడు. రోనీ ఆ ఉత్తరం ఏడాదిపాటు జేబులో పెట్టుకు తిరిగాడు. ఆ గదిలో తప్ప అతను ఎక్కడా ఎవడూ కాడు.

మరుసటేడు హోకన్‌ను స్టాక్‌హోమ్ బ్యాండు ఒకటి పిలిచింది.

“పోరా, పో,” అన్నాడు యోర్గెన్. “చేతులు మాత్రం ఇక్కడ వదిలేసి పో.”

ముగ్గురూ నవ్వుకున్నారు.

హోకన్ రైలెక్కాల్సిన గురువారం సాయంత్రం యోర్గెన్ స్టేషన్ దగ్గర మాటు వేశాడు. హోకన్‌ను గూడ్సు షెడ్డు వెనక్కి ఈడ్చుకెళ్ళి, పళ్ళు రాలేదాకా కొట్టి, ఎడమచేతి వేళ్ళు ఇనప తలుపు సందున పెట్టి, బూటుతో తలుపును మూడుసార్లు తన్నాడు. అదే వేళకు షెల్టరులో రోనీ ఒంటరిగా డ్రమ్ములు బాది, అలవాటు చొప్పున మూడు సంతకాలూ పెట్టాడు.

ఎనిమిదింటికి యోర్గెన్ అక్కడికి వచ్చాడు. చొక్కా చెయ్యి మోచేతిదాకా ఎర్రగా తడిసి ఉంది.

“ఎవరిదిరా ఆ నెత్తురు?”

“గిటారుది.”

రెండురోజులకు ఒక పోలీసు హాజరు కాగితం పట్టుకొచ్చి షెల్టరు తలుపును అటూ ఇటూ ఊపి చూశాడు. “కుర్రాడేమో స్టేషన్ దగ్గర కొట్టారంటున్నాడు. కాగితంలో ముగ్గురూ ఇక్కడే ఉన్నారని ఉంది. వాడి వేళ్ళు ఈ తలుపులోనే నలిగాయన్నమాట. అంతేనా?”

కాదంటే గది పోతుంది, బ్యాండు పోతుంది. వెనకాల యోర్గెన్ ఊపిరి మెడకు తగులుతోంది. రోనీ అవునన్నాడు.

ఆ తర్వాత శవజాగారం రెండేళ్ళు రాజ్యమేలింది. ఒకరోజు తాళం తప్పిందని యోర్గెన్ మైకు స్టాండుతో రోనీ దవడ విరగ్గొట్టాడు. అక్కడితో సరి. రోనీ ఉక్కు కార్ఖానాలో చేరాడు. చలి పడితే దవడలో డాక్టర్లు బిగించిన లోహపు రేకు ఇప్పటికీ సలుపుతుంది. యోర్గెన్ తాగి తాగి పోయి ఆరేళ్ళయింది.

“మన పాత టేపుని రికార్డుగా వేస్తున్నారు, తెలుసా?” అన్నాడు హోకన్ లారీ నడుపుతూనే. “లోపల చిన్న పుస్తకం పెడతారట. షెల్టరు తలుపులో నా వేళ్ళు నలిగాయని అందులో రాశారు. పోలీసు కాగితం చూసి రాశారట, ఇంకేం.”

“ఆ సంతకాలు నేనే పెట్టాను. నీది కూడా.”

“అది నాకు అప్పుడే తెలుసు. నేనడిగేది వేరే. వాడేం చేశాడో నీకు తెలుసా అప్పటికి?”

రోనీ దవడ పట్టుకున్నాడు. “సంతకం పెట్టేటప్పుడు తెలీదు. అవునని చెప్పేటప్పుడు తెలుసు.”

కలప యార్డు మలుపులో లారీ ఆగింది. కొడతాడేమోనని రోనీ కళ్ళు మూసుకున్నాడు. దెబ్బ పడలేదు. ఒళ్ళో దుంగల రసీదు పుస్తకం పడింది.

“ఇప్పుడన్న ముక్క దాని వెనక రాయి,” అన్నాడు హోకన్. “కింద సంతకం పెట్టు. ఈసారి నీదొక్కటే.”

చలికి రోనీ వేళ్ళు మొద్దుబారి ఉన్నాయి. రాయడానికి చాలాసేపు పట్టింది. హోకన్ అద్దం మీది వైపర్లనే చూస్తూ కూర్చున్నాడు. రోనీ పేరు రాసి, పుస్తకం అతనికి అందేలా పెట్టి, తలుపు తీసుకుని దిగాడు. వెనక్కి చూడకుండా, వెళ్ళొస్తానని అనకుండా, వానమంచులో రోడ్డు వెంట నడిచిపోయాడు.